కంప్యూటరు ఫ్యాను వేగ నియంత్రణ సాధనములు: ఒక విమర్శ

గృహములలో వాడు కంప్యూటరు పెట్టెలో రెండు మూడు చిన్న విద్యుత్ ఫ్యానులుండును. ఒకటి ప్రాసెసరుపై నుండి దాని వేడిని తీసివేయును. ఒకటి పెట్టె ముందు భాగము నుండి బయటి గాలిని లోనికి లాగును. మరియొకటి వెనుక భాగము నుండి వేడి గాలిని వెలుపలికి నెట్టును. ఈ ఫ్యానుల వేగమును లోపలి వేడిని బట్టి దానంతటదే హెచ్చించి తగ్గించు సాధనమును మైక్రోకంట్రోలరుతో నిర్మించుట నేడు ఎలక్ట్రానిక్సు నేర్చు యువకులకు మిక్కిలి ఇష్టమైన పని. మైక్రోకంట్రోలరు అనగా ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు. కొలుచుట, లెక్కించుట, ఆజ్ఞ ఇచ్చుట అను మూడు పనులను అది ఒక్కటియే చేయగలదు. వెల స్వల్పము. అందుచేత ఇంజనీరింగు కళాశాలల ప్రదర్శనలలో ఈ నమూనా తరచుగా కనిపించుచుండును.

ప్రదర్శనలో దానిని పరీక్షించు విధము అందరికిని తెలిసినదే. ఉష్ణోగ్రతను కొలుచు భాగము దగ్గరకు వేడి సోల్డరింగు కడ్డీని తెత్తురు. తెరపై అంకె పెరుగును. ఫ్యాను వేగము హెచ్చును. కడ్డీని తీసివేయగనే వేగము తగ్గును. చూచువారు మెచ్చుకొందురు. పరీక్షకుడు మార్కులు వేయును.

ఈ పరీక్షలో ఒక పెద్ద లోపమున్నది. సాధనములోని భాగములన్నియు సక్రమముగా నున్నప్పుడు అది ఎట్లు పనిచేయునో ఈ పరీక్ష తెలుపును. ఒక తీగ తెగినప్పుడు, ప్రోగ్రాము ఆగిపోయినప్పుడు, ఫ్యాను దుమ్ముతో నిండినప్పుడు, గదిలోని గాలియే 42 డిగ్రీలున్నప్పుడు అది ఏమి చేయునో తెలుపదు. కంప్యూటరు యొక్క ఆయుర్దాయము ఆధారపడి యుండునది ఈ రెండవ జాబితా మీదనే. కావున ప్రచారములో నున్న నమూనాలను నంద్యాల, ఆళ్ళగడ్డల వంటి చోట్ల ఉండు పరిస్థితులలో నిలిపి, వాని గుణదోషములను విచారించుట అవసరము.

వేగము తగ్గించుట ఎందులకు?

ఫ్యానును ఎల్లవేళల పూర్తి వేగమున నడిపినచో చిక్కు లేదు గదా, నియంత్రణ ఎందులకని కొందరడుగవచ్చును. దీనికి సమాధానము ఫ్యానుల ధర్మములలోనే యున్నది. ఫ్యాను వేగమును సగమునకు తగ్గించినచో అది తోలు గాలి సగమగును. అది పుట్టించు పీడనము నాలుగవ వంతగును. దానికి కావలసిన శక్తి ఎనిమిదవ వంతునకు దిగును. శబ్దము సుమారు 15 డెసిబెలులు తగ్గును. అనగా గాలిలో సగము వదలుకొన్నచో శబ్దములో చాల భాగము పోవును. బేరింగుల అరుగుదల తగ్గును. లోనికి వచ్చు దుమ్ము కూడ తగ్గును. ఇది మంచి బేరమే.

కాని ఈ బేరమునకు వెల యున్నది. పెట్టెలోని భాగములు 200 వాట్ల వేడిని పుట్టించుచున్నవనుకొందము. నిమిషమునకు 30 ఘనపుటడుగుల గాలి దాని గుండా పోయినచో, ఆ గాలి సుమారు 12 డిగ్రీలు వేడెక్కి బయటికి వచ్చును. గాలిని 15 ఘనపుటడుగులకు తగ్గించినచో ఆ పెరుగుదల సుమారు 24 డిగ్రీలగును. గది ఉష్ణోగ్రత 22 డిగ్రీలున్న చలిదేశములో బయటికి వచ్చు గాలి మొదటి పక్షమున 34, రెండవ పక్షమున 46 డిగ్రీలుండును. రెండును ఓర్చుకొనదగినవే. గది ఉష్ణోగ్రత 42 డిగ్రీలున్నప్పుడో, అవే అంకెలు 54, 66 అగును. పైగా 45 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలికంటె పలుచన. ఒకే ఘనపరిమాణములో నూటికి సుమారు ఎనిమిది పాళ్లు తక్కువ ద్రవ్యరాశి ఉండును. ఫ్యాను అంతే వేగముతో తిరిగినను అది మోసికొనిపోవు వేడి ఆ మేరకు తగ్గును.

ఇందువలన వచ్చు నష్టమేమి? నేటి ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనగలదు. దానిలోనే ఉష్ణమాపకములు కలవు. ఉష్ణోగ్రత 100 డిగ్రీల ప్రాంతమునకు చేరినప్పుడు అది తన పనిని మందగింపజేసికొనును, మరియు మించినచో ఆగిపోవును. మదర్‌బోర్డు మీది కెపాసిటరులకును, హార్డుడిస్కుకును ఇట్టి రక్షణ లేదు. ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటరు విషయములో ఒక స్థూలసూత్రమున్నది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారియు దాని ఆయువు సగమగును. 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేయునని ముద్రవేయబడిన కెపాసిటరు 65 డిగ్రీల వద్ద సుమారు 32,000 గంటలు, 75 డిగ్రీల వద్ద సుమారు 16,000 గంటలు పనిచేయును. దినమునకు ఎనిమిది గంటల చొప్పున లెక్కించినచో మొదటిది పదునొకండేండ్లు, రెండవది ఐదున్నర యేండ్లు. శబ్దము తగ్గినదని సంతసించు యజమాని, తనకు తెలియకుండగనే యంత్రము ఆయువులో సగమును చెల్లించుచుండవచ్చును. పిల్లల చదువునకై కూడబెట్టి కంప్యూటరు కొన్న కుటుంబమునకు ఇది చిన్న విషయము కాదు.

నమూనాలు మూడు రకములు

వేడిని చూచి వేగమును దిద్దుట కొత్త ఊహ కాదు. 1788 ప్రాంతమున జేమ్స్ వాట్ ఆవిరియంత్రమునకు తిరుగుడు గుండ్ల గవర్నరును అమర్చెను. యంత్రము వేగము హెచ్చినకొలది ఆ గుండ్లు పైకి లేచి ఆవిరిని తగ్గించును. 1868లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఇట్టి గవర్నరుల చలనమును గణితముతో విమర్శించి, అవి ఎప్పుడు నిలకడగా నుండునో, ఎప్పుడు ఊగిసలాడునో చూపెను. నేడు ఆ గుండ్ల స్థానమున మైక్రోకంట్రోలరు నిలిచినది. 1974లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ తొలి మైక్రోకంట్రోలరును విపణిలోనికి తెచ్చెను. 1980లో ఇంటెల్ కంపెనీ వారి 8051 వచ్చెను. మన దేశపు ఇంజనీరింగు విద్యార్థులు తరతరములుగా నేర్చుకొన్నది దీనినే. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున పుట్టిన ఆర్డునో బోర్డు, ఎలక్ట్రానిక్సు శాస్త్రము లోతుగా చదువనివారికి కూడ ఈ విద్యను అందుబాటులోనికి తెచ్చెను. నేటి నమూనాలలో పెక్కింటికి ఆధారము ఆ బోర్డులోని ఏ.టి.మెగా 328 అను చిప్పు.

ఫ్యానును అదుపుచేయు విధమును బట్టి ఈ నమూనాలను మూడు రకములుగా విభజింపవచ్చును.

మొదటి రకము, ఫ్యానునకు పోవు విద్యుత్తునే త్వరత్వరగా తెంచి కలుపునది. ఫ్యానునకును భూమి తీగకును నడుమ ఒక మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరును ఉంచి, దానిని సెకనుకు కొన్ని వందల పర్యాయములు తెరచి మూయుదురు. తెరచి యుంచిన కాలము యొక్క నిష్పత్తియే వేగమును నిర్ణయించును. ఇది చౌక. ఏ ఫ్యానుకైనను పనికివచ్చును. కాని దోషములు మూడు. ఆర్డునో బోర్డు మామూలుగా ఇచ్చు పల్సులు సెకనుకు సుమారు 490. అది చెవికి వినబడు స్వరము కావున, శబ్దమును తగ్గించుటకై పెట్టిన సాధనము సన్నని రొదను పుట్టించును. రెండవది, ఫ్యాను తన వేగమును తెలుపుటకు పంపు సంకేతము భూమి తీగ తెగి కలియుచుండుట వలన చెదరిపోవును. మూడవది అన్నిటికంటె పెద్దది. ట్రాన్సిస్టరు గేటును ఒక రెసిస్టరుతో భూమికి కలుపవలెనని పాఠ్యగ్రంథములు బోధించును. మోటారు పొరపాటున తిరుగుట ప్రమాదకరమైన చోట ఇది మంచి బోధ. ఇక్కడ ప్రమాదము ఫ్యాను తిరుగకపోవుటలో నున్నది. మైక్రోకంట్రోలరు చెడిపోయినచో ఆ రెసిస్టరు ఫ్యానును శాశ్వతముగా ఆపివేయును.

రెండవ రకము, ఫ్యానునకు ఇచ్చు వోల్టేజిని 12 నుండి 7కో 5కో తగ్గించునది. రొద ఉండదు. వేగ సంకేతము చెదరదు. కాని తగ్గించిన వోల్టేజి ట్రాన్సిస్టరులో వేడిగా మారును. పూర్వము ఇండ్లలో సీలింగు ఫ్యానునకు ఉన్న పెద్ద నల్లని రెగ్యులేటరు పెట్టె చేతికి వెచ్చగా తగులుట పెద్దలకు జ్ఞాపకముండును. ఇదియు అట్టిదే, పరిమాణము చిన్నది. ఇంకొక చిక్కు, తిరుగుచున్న ఫ్యాను 5 వోల్టుల వద్ద తిరుగుచునే యుండవచ్చును గాని, ఆగియున్న ఫ్యాను అదే వోల్టేజి వద్ద కదలకపోవచ్చును. మంచి నమూనా ప్రారంభమున ఒకటి రెండు సెకనులు పూర్తి వోల్టేజి నిచ్చి ఫ్యానును కదలించును. పెక్కు నమూనాలలో ఈ జాగ్రత్త కనబడదు.

మూడవ రకము నాలుగు తీగల ఫ్యానును వాడునది. ఇట్టి ఫ్యానులకు ఇంటెల్ కంపెనీ ఒక ప్రమాణ పత్రమును ప్రకటించినది. దాని 1.3వ కూర్పు 2005 సెప్టెంబరులో వెలువడెను. ఈ పద్ధతిలో 12 వోల్టుల విద్యుత్తు ఎడతెగక ప్రవహించుచుండును. నాలుగవ తీగపై మాత్రము వేగపు ఆజ్ఞ పల్సుల రూపమున పోవును. పల్సుల సంఖ్య సెకనుకు 25,000. ఇది మానవ శ్రవణమునకు అందనిది. ఫ్యాను ప్రతి చుట్టునకు రెండు పల్సులను తిరిగి పంపును. నిమిషమునకు 1,200 చుట్లు తిరుగు ఫ్యాను సెకనుకు 40 పల్సుల నిచ్చునన్నమాట.

ఈ పత్రములో మెచ్చుకొనదగినది ఒక చిన్న నిబంధన. ఆజ్ఞ తీగపై ఏ సంకేతమును లేనిచో ఫ్యాను పూర్తి వేగమున తిరుగవలెను. ఆజ్ఞ తీగ ఊడినను ఫ్యాను ఆగదు. సందేహము కలిగినప్పుడు యంత్రమును కాపాడుటే ధర్మమని ఆ నిబంధన వ్రాసినవారు తలచిరి. మొదటి రకములోని గేటు రెసిస్టరునకు ఇది సరిగా వ్యతిరేకము.

ఐనను ఈ మంచి పునాది మీద కట్టిన నమూనాలలో కూడ రెండు పొరపాటులు తరచుగా కానవచ్చును. మొదటిది, బోర్డు మామూలుగా ఇచ్చు 490 పల్సులనే నాలుగవ తీగకు ఇచ్చుట. పత్రము అనుమతించునది 21,000 మొదలు 28,000 వరకు. ఆ హద్దులకు వెలుపల ఫ్యాను ఎట్లు నడచునో పత్రము హామీ ఇయ్యదు. దీనికి మందు సులభము. చిప్పులోని ఒకటవ టైమరును 320 వరకు ఎక్కి దిగునట్లు అమర్చినచో, సెకనుకు కోటి అరువది లక్షల గడియార స్పందనములను 640తో భాగించగా సరిగా 25,000 వచ్చును.

రెండవ పొరపాటు సూక్ష్మమైనది. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయినను టైమరు ఆగదు. అది వేరుగా నడచు భాగము. ఆగిపోవుటకు ముందు ఇచ్చిన చివరి వేగమునే అది ఎల్లకాలము పంపుచుండును. ఉదయము చల్లగా నున్నప్పుడు ప్రోగ్రాము నిలిచిపోయినచో, మధ్యాహ్నము ఎండ ముదిరినను ఫ్యాను ఉదయపు వేగముననే తిరుగుచుండును. ఆజ్ఞ తీగ తెగలేదు గనుక పత్రములోని రక్షణ కూడ పనిచేయదు. దీనికై చిప్పులోనే వాచ్‌డాగ్ టైమరు అను కాపలాదారు కలదు. నిర్ణీత కాలములోగా ప్రోగ్రాము దానిని పలుకరింపనిచో అది చిప్పును మరల మొదటినుండి నడిపించును. ఈ చిప్పులో ఆ గడువు గరిష్ఠముగా 8 సెకనులు. దీనిని వాడుటకు రెండు మూడు పంక్తులు చాలును. ఆ పంక్తులు లేని నమూనా ఎంత అందముగా నున్నను అసంపూర్ణమే.

నంద్యాల ఎండ

నంద్యాల పట్టణము కుందూ నది లోయలో, తూర్పున నల్లమల, పడమట ఎర్రమల కొండల నడుమ నున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఇది ప్రత్యేక జిల్లాకు కేంద్రమైనది. ఇచ్చటి వేసవిలో నీడయందు సయితము 45 డిగ్రీలకు చేరు దినములు కలవు. కాంక్రీటు కప్పు పగటి వేడిని దాచుకొని రాత్రి గదిలోనికి విడుచుచుండును. కంప్యూటరు తయారుచేయు కంపెనీలు అనేకము తమ యంత్రమును 35 డిగ్రీలకు మించని గదిలో వాడవలెనని చెప్పును. ఏప్రిల్, మే మాసములలో నంద్యాలలోని మామూలు గది ఆ హద్దును దినమునకు ఎన్నో గంటలు దాటియే యుండును. కంప్యూటరులు ఏ.సి. గదులలో మాత్రమే యున్న కాలములో ఈ ప్రశ్న పుట్టలేదు. అవి ఇంటి నడిమింటిలోనికి వచ్చిన పిదప పుట్టినది.

ప్రచారములో నున్న నమూనాలలో తరచుగా కనబడు నియమము ఇట్టిది: 30 డిగ్రీల కంటె తక్కువ యున్నచో ఫ్యాను కనిష్ఠ వేగము, 40 డిగ్రీలు దాటినచో పూర్తి వేగము, నడుమ క్రమముగా పెంపు. చలిదేశపు గదికి ఇది చక్కగా సరిపోవును. నంద్యాల మే మాసములో ఇది నియంత్రణ కానేకాదు. పెట్టెలోని గాలి ఎన్నడును 40కి దిగదు. ఫ్యాను పగలు రాత్రి పూర్తి వేగమున తిరుగును. మైక్రోకంట్రోలరు ఉన్నను లేకున్నను ఒకటే.

దీనికి విసిగి కొందరు ఆ అంకెలను 50, 60 అని మార్చుదురు. శబ్దము తగ్గును. కాని ఇప్పుడు డిసెంబరులో చిక్కు వచ్చును. గది 22 డిగ్రీలున్నప్పుడు పెట్టెలోని గాలి 48 ఉన్నను ఫ్యాను మేలుకొనదు. బయటి గాలికంటె లోపలి గాలి 26 డిగ్రీలు హెచ్చుగా నుండుట ఏదో దోషమునకు చిహ్నము. ఈ సాధనము దానిని సాధారణ స్థితిగా భావించును.

లోపము అంకెలలో లేదు, కొలతలో నున్నది. ఒక ఉష్ణమాపకము గల నమూనా రెండు వేర్వేరు సంగతులను కలగాపులగము చేయుచున్నది: గది ఎంత వేడిగా నున్నది, యంత్రము తన వేడిని ఎంత చక్కగా వదలుచున్నది. మొదటి దానిని ఫ్యాను మార్చలేదు. ఎంత వేగముగా తిరిగినను పెట్టెలోని గాలిని గది గాలికంటె చల్లబరచుట దానికి సాధ్యము కాదు. రెండవ దానిని మాత్రమే అది మార్చగలదు. కావున ఒక మాపకమును గాలి లోనికి వచ్చు చోటను, రెండవ మాపకమును గాలి బయటికి పోవు చోటను ఉంచి, రెండింటి భేదమును బట్టి వేగమును నిర్ణయించుట యుక్తము. భేదముతో పాటు ఒక పరమావధి కూడ ఉండవలెను. బయటికి పోవు గాలి 55 డిగ్రీలు దాటినచో భేదమెంత యున్నను పూర్తి వేగమే.

ప్రాసెసరు మీది ఫ్యాను సంగతి వేరు. ప్రాసెసరు వేడి కొన్ని సెకనులలోనే పదుల డిగ్రీలు పెరుగగలదు. పెట్టె గాలిలో వ్రేలాడు థర్మిస్టరునకు ఆ వార్త ఆలస్యముగా చేరును. ప్రాసెసరులోని మాపకము మదర్‌బోర్డునకు అందుబాటులో నున్నది. మదర్‌బోర్డు ఆ ఫ్యానును తానే నడుపుకొనగలదు. దానిని ఊడదీసి ఇంటిలో చేసిన సాధనమునకు అప్పగించుట నేర్పరితనము కాదు. ఇంటి సాధనము పెట్టె ఫ్యానులతో తృప్తిపడవలెను.

ఆళ్ళగడ్డ ధూళి

నంద్యాలకు దక్షిణమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఆళ్ళగడ్డ కలదు. ఇది రాతి శిల్పములకు ప్రసిద్ధి గాంచినది. ఇచ్చటి శిల్పులు దేవతా విగ్రహములను చెక్కి దూరప్రాంతములకు పంపుదురు. ఉలితో పాటు నేడు విద్యుత్తుతో తిరుగు కోత చక్రములును, సాన చక్రములును వాడుకలోనికి వచ్చినవి. అవి లేపు రాతి ధూళి మిక్కిలి సన్నము. మనుష్యుల ఊపిరితిత్తులకు కీడుచేయు ఆ ధూళియే కంప్యూటరు ఊపిరితిత్తులకును కీడు. ప్రాసెసరు మీది లోహపు రేకుల సందులలో అది పేరుకొనును. వేసవిలో ఎయిర్ కూలరు వదలు తడిగాలి తగిలినచో గట్టిపడును.

ఇట్టి చోట ఫ్యాను వేగమును కొలుచుట వలన ప్రయోజనము తక్కువ. రేకుల సందులు మూసికొనిపోయినను ఫ్యాను తిరుగుచునే యుండును. తెరపై నిమిషమునకు 1,200 చుట్లు అని అంకె కనబడుచుండును. గాలి మాత్రము పోవుచుండదు. వేగము వేరు, ప్రవాహము వేరు. పెక్కు నమూనాలు మొదటి దానిని చూపి రెండవది కూడ చూపినట్లు భ్రమ గొల్పుచున్నవి.

ఇంతకంటె గంభీరమైన దోషము మరియొకటి కలదు. అది చెడ్డ నమూనాలలో గాక మంచి నమూనాలలోనే యున్నది. దుమ్ము కొంచెము చేరగా వేడి కొంచెము పెరుగును. సాధనము ఫ్యాను వేగమును కొంచెము హెచ్చించి ఆ వేడిని మరల దించును. యజమానికి ఏమియు తెలియదు. మరికొంత దుమ్ము చేరగా మరికొంత వేగము. ఇట్లు నెలలు గడచును. తుదకు ఫ్యాను పూర్తి వేగమునకు చేరును. అప్పటికి చేతిలోని మిగులు అంతయు ఖర్చయిపోయి యుండును. ఆ తరువాత చేరు దుమ్మునకు విరుగుడు లేదు. జ్వరము మాత్ర మ్రింగి రోగమును దాచుకొన్నవాని స్థితి వంటిదిది. నియంత్రణ ఎంత నిపుణమైనదో అంత చక్కగా అది రోగమును దాచును.

కావున ఆళ్ళగడ్డ వంటి ఊరిలో వాడు సాధనమునకు జ్ఞాపకశక్తి కావలెను. ఏ.టి.మెగా 328 చిప్పులో విద్యుత్తు పోయినను చెరగని జ్ఞాపకస్థానము 1,024 బైట్లు కలదు. దినమునకు ఒక బైటు చొప్పున వాడినను దాదాపు మూడేండ్లకు సరిపోవును. ప్రతిదినమును యంత్రమును ఆన్ చేసిన అరగంట పిదప ఫ్యానును కొన్ని నిమిషములు ఒకే నిర్ణీత వేగమున నడిపి, లోనికి వచ్చు గాలికిని బయటికి పోవు గాలికిని గల భేదమును వ్రాసికొనవలెను. ఏ ఒక్క దినపు అంకెకును గొప్ప విలువ లేదు. ఆనాడు యంత్రము చేయు పనిని బట్టి అది మారును. నెల సగటునకు మాత్రము విలువ యున్నది. ఈ నెల సగటు శుభ్రము చేసిన నాటి సగటుకంటె మూడవ వంతు హెచ్చినచో ఒక ఎర్రని దీపమును వెలిగించిన చాలును. యజమాని పెట్టె విప్పి బ్రష్షుతో దుమ్ము దులుపును. ఏ ఫ్యానును చేయలేని మేలు ఆ పది నిమిషముల పని చేయును.

తెగిన తీగ

ఇక ఉష్ణమాపకముల విషయము. సాధారణముగా వాడు థర్మిస్టరు 25 డిగ్రీల వద్ద 10,000 ఓముల నిరోధమును చూపును. వేడి పెరిగినకొలది అది తగ్గును. 45 డిగ్రీల వద్ద సుమారు 4,350, 60 డిగ్రీల వద్ద సుమారు 2,500. దాని తీగ తెగినచో నిరోధము అనంతమగును. ప్రోగ్రాము దానిని మిక్కిలి చలిగా అర్థము చేసికొనును. ఫలితముగా ఫ్యాను కనిష్ఠ వేగమునకు దిగును, లేదా ఆగిపోవును.

ఎల్.ఎం. 35 అను మాపకము డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున ఇచ్చును. దానికి విద్యుత్తు అందనిచో సున్న మిల్లీవోల్టులు, అనగా సున్న డిగ్రీలని ప్రోగ్రాము తలచును. డి.ఎస్. 18బి20 అను అంకెల మాపకముతో వాడుకలోనున్న ఆర్డునో ప్రోగ్రాము సంపుటి, మాపకము ఊడిపోయినచో −127 అను అంకెను ఇచ్చును. అది ఉష్ణోగ్రత కాదు, మాపకము లేదని చెప్పు గుర్తు. దానిని ఉష్ణోగ్రతగానే స్వీకరించు నమూనాలున్నవి. భూమి మీద వాతావరణ కేంద్రములలో కొలిచిన అత్యల్ప ఉష్ణోగ్రత −89.2 డిగ్రీలు. అది 1983 జూలైలో అంటార్కిటికాలోని వోస్తోక్ కేంద్రమున నమోదైనది. నంద్యాలలో మే మాసపు మధ్యాహ్నము −127 డిగ్రీల చలి యున్నదని నమ్మి ఫ్యానును ఆపివేయు సాధనమును తెలివిగల సాధనమని ఎట్లనవచ్చును?

ఈ మూడు మాపకములలోను తీగ తెగిన పొరపాటు చలివైపునకే పోవుచున్నది. అదే అపాయకరమైన వైపు. నివారణకు ఒక్క నియమము చాలును. చదివిన అంకె 5 డిగ్రీలకు తక్కువ గాని, 100 డిగ్రీలకు ఎక్కువ గాని యైనచో దానిని నమ్మరాదు. ఫ్యానును పూర్తి వేగమున నడుపవలెను. నంద్యాల సీమలో ఏ ఇంటి గదియు 5 డిగ్రీలకు దిగదు గనుక ఈ హద్దు వలన నష్టము లేదు. అట్లు నడచు ఫ్యాను పెద్ద శబ్దము చేయును. చేయనిండు. ఆ శబ్దమే యజమానికి హెచ్చరిక. ఏదో చెడినదని వేరొక గంట మ్రోగించి చెప్పనక్కరలేదు.

పరీక్ష ఎట్లుండవలెను?

ఇవి విద్యార్థుల నమూనాలు, ఇంత కఠినముగా విమర్శింపనేల అని కొందరనవచ్చును. విద్యార్థి మొదటి ప్రయత్నమున ఫ్యానును తిప్పగలుగుటే సంతోషింపదగిన విషయమనుట నిజమే. ఈ చిన్న సాధనములో కొలత, గణితము, విద్యుత్తు, ఉష్ణశాస్త్రము అన్నియు కలిసికొనును. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత శాస్త్రమును నేర్పు పని మరియొకటి దొరకుట కష్టము. అందువలననే దీనిని సగముతో వదలరాదు. నేడు ఫ్యానును అదుపుచేయు విద్యార్థి రేపు నీటిపంపును, బాయిలరును, ఆసుపత్రిలో ఆక్సిజను యంత్రమును అదుపుచేయవచ్చును. అన్నియు సక్రమముగా నున్నప్పుడు పనిచేసిన చాలునను అలవాటు ఫ్యానుతో ప్రారంభమై అక్కడితో ఆగదు.

మార్పు రావలసినది మొదట పరీక్షకుల పట్టికలో. సోల్డరింగు కడ్డీ పరీక్షతో పాటు మరి ఐదు పరీక్షలు చేర్చవలెను. ఉష్ణమాపకపు తీగను ఊడదీయుట. ప్రోగ్రామును కావలెనని ఒకచోట నిలిపివేయుట. ఫ్యాను విద్యుత్తును తీసివేసి, అది తిరుగుట లేదని సాధనము గుర్తించునో లేదో చూచుట. గాలి వచ్చు ద్వారమును అట్టముక్కతో సగము మూసి, భేదము పెరిగినదని తెలిసికొనునో లేదో చూచుట. తుదకు, మే మాసపు మధ్యాహ్నము కూలరు లేని గదిలో గంటసేపు నడుపుట. ఈ ఐదింటికిని కావలసిన పరికరములు అట్టముక్క, గడియారము మాత్రమే. ఐదింటిలోను నెగ్గిన సాధనమునకు తెరయు, రంగుల దీపములును లేకున్నను లోపము లేదు.

ఈ దృష్టితో చూచినచో మూడు రకములలో నాలుగు తీగల పద్ధతియే ఇంటి వాడుకకు యోగ్యమైనది. దానికి రెండు ఉష్ణమాపకములు, వాచ్‌డాగ్ కాపలా, నమ్మరాని అంకెకు పూర్తి వేగము, దుమ్మును తెలుపు జ్ఞాపకము అను నాలుగింటిని చేర్చవలెను. అన్నియు కలిపినను అదనపు ఖర్చు ఒక థర్మిస్టరు, ఒక రెసిస్టరు, ఒక దీపము. మిగిలినదంతయు ప్రోగ్రాములో వ్రాయదగినదే. అట్లు నిర్మించిన సాధనము డిసెంబరు రాత్రి నంద్యాల ఇంటిలో నిశ్శబ్దముగా నుండును. మే మధ్యాహ్నము తన శక్తికొలది గాలి తోలును. ఆళ్ళగడ్డ శిల్పశాల ప్రక్కనున్న దుకాణములో, దుమ్ము దులుపు వేళయైనదని యజమానికి ఎర్రదీపముతో తెలుపును.